జాజ్‌లో డబుల్ బేస్: ఎవరితో మొదలుపెట్టాలి, ఏం వినాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కొన్నాళ్ళుగా జాజ్ వింటున్నారు. ట్రంపెట్, శాక్సఫోన్, పియానో బాగానే చెవికి పట్టాయి. కానీ అభిమానులంతా చేంబర్స్ అనీ, మింగస్ అనీ, లఫారో అనీ మురిసిపోతుంటే, వాళ్ళకు ఆ డబుల్ బేస్‌లో (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వినిపిస్తున్నదేమిటో మీకు అంతుపట్టడం లేదు. ఎవరితో మొదలుపెట్టాలి, ఒక బేసిస్టును గొప్పవాడని దేన్నిబట్టి అంటారు, మీకెవరంటే ఇష్టం అని అడిగారు.

సూటిగా చెప్తాను. పాల్ చేంబర్స్‌తో మొదలుపెట్టండి. ఆయన సోలోలు కాదు, మిగతావాళ్ళు సోలో వాయిస్తుండగా వెనకాల ఆయన చేసే పని వినండి. నాకు ఇష్టమైనవాడూ ఆయనే. ఆ తర్వాత 1959లో రికార్డయిన నాలుగైదు ఆల్బమ్‌లు చాలు, డబుల్ బేస్ ఎన్ని దారులు పట్టగలదో తెలిసిపోతుంది. అది ఎందుకో కింద రాస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో: ఉండేది న్యూజెర్సీలో, పొట్టకూటికి సాఫ్ట్‌వేర్, వారాంతాల్లో రెస్టారెంట్లలో ఒక చిన్న బృందంతో డబుల్ బేస్ వాయిస్తుంటాను. కాబట్టి ఇది విమర్శకుడి జవాబు కాదు, ఆ తీగలతో వేళ్ళు కాయలు కాసినవాడి జవాబు అనుకోండి.

ముందు ఒక చిన్న విషయం. మీరు ఫోన్ స్పీకర్లో వింటున్నట్టయితే మీ చెవి తప్పేం లేదు. డబుల్ బేస్‌లో అన్నిటికన్నా కింది తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత కింది ధ్వని ఫోన్ స్పీకర్లోంచి రాదు. దాని పై స్వరాల నీడ మాత్రమే వస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్లయినా సరే, పెట్టుకుని వినండి. నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్ళలో సగం మంది సమస్య అక్కడే తీరిపోయింది.

ఇక బేసిస్టు చేసే పని. నాలుగు తీగలు, మెట్లు లేని పలక. వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే శ్రుతి పోతుంది. జాజ్‌లో ఎక్కువగా కమాను (వయొలిన్‌కు వాడేలాంటి విల్లు) పక్కనపెట్టి కుడిచేతి వేళ్ళతో మీటుతారు. బార్‌కు (మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది) నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం, ఆగకుండా నడుస్తూ పోవడాన్ని వాకింగ్ బేస్ అంటారు. ఆ ఒక్క గీతలోనే రెండు పనులు జరగాలి. ఇప్పుడు ఏ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద ఉన్నామో అందరికీ తెలియాలి. కాలం ఎక్కడుందో కూడా తెలియాలి. డ్రమ్మర్ ఒక దెబ్బ వదిలేసినా పాట నడుస్తుంది, పియానో ఆపేసినా నడుస్తుంది. బేస్ తడబడితే మాత్రం అందరి కాళ్ళ కింద నేల కదులుతుంది, వినేవాళ్ళకు ఏమైందో తెలియకపోయినా సరే. అందుకే బేసిస్టును సోలోనుబట్టి కొలవొద్దంటాను. అతను ఉన్నప్పుడు పక్కవాళ్ళు ఎంత ధైర్యంగా వాయిస్తున్నారో చూడండి.

ఇప్పుడు చేంబర్స్. పుట్టింది పిట్స్‌బర్గ్‌లో, 1935 ఏప్రిల్ 22న. పెరిగింది డెట్రాయిట్‌లో. ఇరవై ఏళ్ళకే ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ బృందంలో చేరాడు. 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ న్యూయార్క్‌లో రెండు రోజుల్లో రికార్డయింది: 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న. అంటే రెండో రోజు ఆయన 24వ పుట్టినరోజు. ఆ రోజు వాయించినవాటిలో 'ఆల్ బ్లూస్' ఒకటి. మొదట్లో బేస్ వాయించే ఆరు లెక్కల చిన్న పదాన్ని (స్వరాల వరుసను) పట్టుకుని రెండు మూడు నిమిషాలు నోటితో పాడుతూ వినండి. ట్రంపెట్ ఎటు పోయినా మీరు ఆ పదాన్ని వదలొద్దు. బేస్ వినబడడం లేదన్న మా ఆఫీసు స్నేహితుడికి నేను ఇచ్చిన మందు ఇదే. వారం తిరక్కుండా అతను పాత పాటలన్నీ మళ్ళీ మొదట్నుంచి వినడం మొదలెట్టాడు. ఇళయరాజా పాటల్లో బేస్ గీతను కూనిరాగం తీసే అలవాటు మీకు ముందే ఉంటే ఇంకా తేలిక.

తర్వాత అదే ఆల్బమ్‌లో 'సో వాట్'. దీన్ని అందరూ బేస్ పాట అంటారు, ఎందుకంటే అసలు పల్లవి బేసే వాయిస్తుంది, మిగతా వాద్యాలు రెండు కార్డ్‌లతో బదులిస్తాయి. నిజమే, కానీ నాకు అసలు కథ ఆ పల్లవి అయ్యాక మొదలవుతుంది. ఈ పాటలో 16 బార్లు ఒకే స్కేలు, తర్వాత 8 బార్లు అదే స్కేలు అర స్వరం పైకి, మళ్ళీ 8 బార్లు మొదటి చోటుకే. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకు ఒక మాట: ఆ స్కేలు స్వరాలు ఖరహరప్రియవే. రాగం అనేసుకోకండి, గమకం లేదు, పట్టింపులూ వేరు. కానీ ఆ స్వరస్థానాలు మీ చెవికి కొత్త కావు.

బేసిస్టుకు ఇది గొప్ప ఇరకాటం. కార్డ్‌లు మారుతుంటే వాకింగ్ సులువు, ఒకదాని నుంచి ఇంకోదానికి దారి దానంతటదే దొరుకుతుంది. ఇక్కడ 16 బార్లపాటు వెళ్ళడానికి చోటే లేదు. 64 దెబ్బలు ఒకే స్కేలులో నడవాలి, చెప్పిందే చెప్పినట్టు ఉండకూడదు, దారి తప్పినట్టూ ఉండకూడదు. చేంబర్స్ ఏం చేస్తాడంటే కాసేపు కింది తీగ మీద బరువుగా నిలబడతాడు, కాసేపు పైకెక్కి అక్కడే తిరుగుతాడు, అర స్వరాల మీదుగా జారి సరిగ్గా బార్ మొదటి దెబ్బకు ఇంటికి చేరతాడు. ఈ గీతను కాగితం మీద రాసుకుని సాధన చేసినవాణ్ణి కనక చెప్తున్నాను, చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. కాలేజీ పిల్లలు కూడా వేళ్ళు పెట్టగలరు. వాయిస్తే మాత్రం ఆ ఊపు రాదు. ఎందుకంటే ఆ ఊపు స్వరాల్లో లేదు, ప్రతి స్వరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోందన్నదానిలో ఉంది. డ్రమ్మర్ జిమ్మీ కాబ్ రైడ్ సింబల్ (డ్రమ్స్‌లోని పెద్ద ఇత్తడి పళ్ళెం) మీద కొట్టే దెబ్బకూ చేంబర్స్ మీటుకూ మధ్య సందు వినడానికి ప్రయత్నించండి. బేస్ రవ్వంత ముందుకు మొగ్గుతున్నట్టు ఉంటుంది, అయినా పరుగెత్తదు.

'ఫ్రెడీ ఫ్రీలోడర్' కూడా వదలొద్దు. 12 బార్లకోసారి మళ్ళీ మొదటికొచ్చే బ్లూస్ కాబట్టి లెక్క పెట్టుకోవడం తేలిక, పైగా పియానో మీద వింటన్ కెల్లీ.

చేంబర్స్ కమాను సోలోల గురించి హెచ్చరిక ఒకటి చేయాలి. అభిమానుల్లో పెద్ద తగాదా ఇది. ఆయన కమానుతో వాయిస్తే ధ్వని గరగరమంటుంది, కొన్నిచోట్ల శ్రుతి కూడా ఒరుసుకుంటుంది. కర్ణాటక వయొలిన్ నేర్చుకున్న మా స్నేహితురాలికి 1957 నాటి 'బేస్ ఆన్ టాప్' ఆల్బమ్‌లో 'యెస్టర్‌డేస్' వినిపిస్తే మొహం చిట్లించింది. నేను వాదించలేదు. ఆమె శ్రుతి ప్రమాణంలో అది న్యాయమే. నాకు మాత్రం ఆ గరుకులో ఒక నల్లని అందం ఉంది, శాక్సఫోన్‌వాళ్ళ పదాల్ని అంత బరువైన చెక్కపెట్టెలోంచి లాగుతున్న శ్రమ వినపడుతుంది. మీకు నచ్చకపోతే ఆయన్ని వదిలేయకండి, కమాను ట్రాకులు దాటేయండి. శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ 'జయంట్ స్టెప్స్' ఆల్బమ్‌లో 'మిస్టర్ పి.సి.' అని ఒక పాటకు ఈయన పేరే పెట్టాడు, ఆ ఆల్బమ్‌లో బేస్ కూడా ఈయనే. క్షయతో 1969 జనవరిలో పోయాడు. 33 ఏళ్ళు.

1959 అన్నాను కదా. అదే ఏడాది మేలో చార్ల్స్ మింగస్ 'మింగస్ ఆ అమ్' రికార్డు చేశాడు. చేంబర్స్ నేలలా ఉంటే మింగస్ మేస్త్రీ. బృందానికి యజమాని, పాటలు కట్టేది ఆయనే, వాద్యం వెనక నిలబడి వేగం మార్చేదీ, కేకలేసేదీ ఆయనే. 'బెటర్ గిట్ ఇట్ ఇన్ యువర్ సోల్' వింటే చర్చిలో జనం చప్పట్లతో ఊగిపోతున్నట్టు ఉంటుంది. దాని పక్కనే 'గుడ్‌బై పోర్క్ పై హ్యాట్', ఆ మార్చిలోనే పోయిన శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్‌కు నివాళి. 'ఫేబుల్స్ ఆఫ్ ఫౌబస్' అయితే నల్లజాతి పిల్లల్ని బడిలోకి రానీయకుండా 1957లో సైనికుల్ని దించిన అర్కన్సా గవర్నర్ ఫౌబస్ మీద ఎగతాళి. కొలంబియా కంపెనీకి చేసిన ఈ రికార్డులో మాటలు లేవు. మాటలతో ఉన్నది మరుసటి ఏడాది ఇంకో కంపెనీకి చేశాడు. ఆయన బేస్ మీటు ఎంత మొరటుగా, ఎంత బలంగా ఉంటుందో వినాలంటే 1957 నాటి 'హేషియన్ ఫైట్ సాంగ్' మొదట్లో ఒంటరిగా వాయించిన భాగం వినండి. నా ఉద్దేశంలో అంత కోపాన్ని అంత శ్రుతిలో పెట్టినవాడు ఇంకొకడు లేడు. నరాల జబ్బుతో 1979 జనవరిలో మెక్సికోలో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని భార్య మన గంగలో కలిపింది.

అదే మే నెలలోనే కాలిఫోర్నియాలో శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ 'ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' రికార్డు చేశాడు. అందులో బేసిస్టు చార్లీ హేడెన్, అయోవాలో పుట్టిన పల్లెటూరి కుర్రాడు. వాళ్ళింట్లో అంతా కంట్రీ సంగీతం. పసివయసు నుంచి రేడియోలో కుటుంబంతో పాడేవాడు, పదిహేనో ఏట పోలియో సోకి గొంతు దెబ్బతింది, అప్పుడు బేస్ వైపు తిరిగాడు. కోల్మన్ పాటల్లో ముందే నిర్ణయించుకున్న కార్డ్‌లు ఉండవు. మరి బేసిస్టు దేని మీద నిలబడాలి? హేడెన్ శాక్సఫోన్ ఎటు పోతుందో వింటూ అప్పటికప్పుడు నేల వేస్తాడు. 'లోన్లీ వుమన్' మొదట్లో డ్రమ్స్ పరుగెత్తుతుంటాయి, పైన రాగం ఏడుస్తూ మెల్లగా వస్తుంది, మధ్యలో ఈయన రెండు తీగలు కలిపి మోగిస్తూ ఉంటాడు. ఒకే పాటలో రెండు కాలాలు. తక్కువ స్వరాలతో ఎక్కువ చెప్పినవాళ్ళలో హేడెన్‌ది మొదటి వరుస. 1971లో పోర్చుగల్‌లో కచేరీ చేస్తూ తన పాటను మొజాంబిక్, అంగోలా, గినీ విముక్తి పోరాటాలకు అంకితం అన్నందుకు అక్కడి పోలీసులు పట్టుకెళ్ళారు. అంత నెమ్మదైన ధ్వని వెనక అంత మొండి మనిషి. రాత్రిపూట వినడానికి గిటార్‌తో జంటగా పాట్ మెథెనీతో చేసిన 'బియాండ్ ద మిసోరీ స్కై' ఉంది, 1997లో వచ్చింది. మీ ఇంట్లో జాజ్ పడనివాళ్ళు కూడా దానికి అభ్యంతరం చెప్పరు.

ఇక స్కాట్ లఫారో. ఇక్కడ నాకు కొంచెం పేచీ ఉంది.

పియానో వాయించే బిల్ ఎవాన్స్ ట్రియోలో (ముగ్గురి బృందం) ఈయన 1959 డిసెంబర్‌లో 'పోర్ట్రెయిట్ ఇన్ జాజ్' వాయించాడు. 'ఆటమ్ లీవ్స్' వినండి: థీమ్ అయ్యాక పియానో ఒక మాట, బేస్ ఒక మాట, ఎవరు సోలో ఎవరు తోడు అని విడదీయలేం. అప్పటిదాకా నడుస్తున్న బేస్ ఇక్కడ నడక మానేసి సంభాషణలో కూర్చుంది. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బులో ఈ ట్రియో వాయించిన సెట్‌లు రెండు ఆల్బమ్‌లుగా వచ్చాయి. 'గ్లోరియాస్ స్టెప్' ఆయన కట్టిన పాటే. పదకొండు రోజుల తర్వాత జూలై 6న కారు ప్రమాదంలో పోయాడు. 25 ఏళ్ళు. వింటుంటే నిజంగానే ఒళ్ళు జలదరిస్తుంది.

పేచీ ఏమిటంటే, లఫారోను చూసి తర్వాతివాళ్ళు చాలామంది పట్టుకున్నది వేగాన్నీ, పైస్థాయినీ. బేసిస్టు అంటే గిటార్‌లా పైన గిలకొట్టాలి అనే ధోరణి ఒకటి వచ్చింది. ఆయన అసలు గొప్ప అది కాదు. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం ఆయన గొప్ప. ఆ వాన్‌గార్డ్ రికార్డుల్లో మౌనాలు ఎన్ని ఉన్నాయో గమనించండి. అందుకే మొదటి పాఠంగా ఆయన్ని సిఫారసు చేయను. చేంబర్స్ నడక చెవికి పట్టాకే, నడక మానేయడం ఎంత తెగింపో తెలుస్తుంది.

1959 జాబితాలో అభిమానులు మర్చిపోయే పేరు ఒకటుంది: యూజీన్ రైట్. పియానో వాయించే డేవ్ బ్రూబెక్ నలుగురి బృందంలో బేసిస్టు. వాళ్ళ ఆల్బమ్ 'టైమ్ అవుట్', అందులో 'టేక్ ఫైవ్'. ఐదు లెక్కల పాట, మూడు ప్లస్ రెండుగా నడుస్తుంది. మన ఖండ చాపు రెండు ప్లస్ మూడు కాబట్టి తలకిందులన్నమాట. డ్రమ్ సోలోకు ముందూ వెనకా అందరూ గుర్తుపెట్టుకునేది శాక్సఫోన్ రాగం. కానీ అప్పట్లో జాజ్ వినేవాళ్ళకు అలవాటులేని ఆ ఐదును నిలబెట్టింది పియానో, బేస్. రైట్ అక్కడ ఒక్క సొగసు కూడా పోడు. పోయి ఉంటే పాట కుప్పకూలేది. ఆ బృందం 1958లో భారతదేశం వచ్చి మద్రాసులో కూడా వాయించింది, బేస్ మీద రైటే. ఆ తర్వాత అమెరికా దక్షిణాది కాలేజీలు కొన్ని, నల్లవాడైన రైట్‌ను వేదిక మీదకు రానివ్వం అంటే, బ్రూబెక్ బేసిస్టును మార్చడానికి ఒప్పుకోక ఆ కచేరీలే వదులుకున్నాడు. రైట్ 2020 చివర్లో 97వ ఏట పోయాడు. నాకు అది కాస్త కష్టంగానే అనిపించింది.

వెనక్కి వెళ్ళాలనుకుంటే ఒక్క పేరు చాలు: జిమ్మీ బ్లాంటన్. 1939లో సెయింట్ లూయిస్‌లో పియానో వాద్యకారుడు, పెద్ద బృందం నడిపే డ్యూక్ ఎలింగ్టన్ కంటబడ్డాడు. బృందంలో అప్పటికే బిల్లీ టేలర్ అని ఒక బేసిస్టు ఉన్నా ఎలింగ్టన్ ఆగలేదు, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాడు. కొన్నాళ్ళకు టేలర్ తనంతట తానే తప్పుకున్నాడు. 1940లో 'జాక్ ద బేర్' వినండి, బేస్ అక్కడ ఎదుటికి వచ్చి మాట్లాడుతుంది. అప్పటి రికార్డింగు పరికరాలతో కూడా ఆ ధ్వని అంత స్పష్టంగా ఉందంటే అతని చేతిలో ఎంత బలం ఉండాలి! ఎలింగ్టన్‌తో పియానో, బేస్ మాత్రమే ఉన్న జంట రికార్డులు కూడా ఉన్నాయి. అతన్నీ క్షయే తీసుకుపోయింది, 1942లో, 23వ ఏట. 1972 చివర్లో ఎలింగ్టన్ బేసిస్టు రే బ్రౌన్‌ను తోడు తీసుకుని బ్లాంటన్ పేరు మీద ఒక ఆల్బమ్ చేశాడు, అది కూడా వెతుక్కోండి.

రే బ్రౌన్ గురించి నిజానికి వేరే జవాబు రాయాలి. పియానో వాయించే ఆస్కార్ పీటర్సన్ ట్రియోతో చేసిన 'నైట్ ట్రెయిన్' వింటే నేను చెప్పేదేమీ ఉండదు. కొందరు చేంబర్స్ బదులు ఈయనతో మొదలుపెట్టమంటారు. తప్పు లేదు. ధ్వని ఇంకా గుండ్రంగా, రికార్డింగ్ ఇంకా శుభ్రంగా ఉంటుంది, చెవికి తొందరగా దొరుకుతుంది.

తీగల సంగతి చెప్పకపోతే ఈ వాద్యకారులు ఎందుకు ఒక్కోలా మోగుతారో అర్థం కాదు. 1950ల దాకా ఎక్కువమంది వాడింది పేగు తీగలు. మీటగానే 'ధబ్' మని మోగి తొందరగా ఆరిపోతాయి, అందుకే పాత రికార్డుల్లో బేస్ సగం స్వరం, సగం డ్రమ్. తర్వాత ఉక్కు తీగలు వచ్చాయి, మోత ఎక్కువసేపు నిలిచింది, తీగను పలకకు దగ్గరగా దించుకోగలిగారు, వేగం పెరిగింది. 1970లలో వాద్యానికి పికప్ (కంపనాన్ని పట్టే చిన్న మైకు లాంటిది) తగిలించి ఆంప్లిఫయర్‌లోకి పంపడం మామూలైంది. ఆ కాలపు రికార్డుల్లో బేస్ రబ్బరులా సాగినట్టు వినిపిస్తే అది వాద్యకారుడి తప్పు కాదు. బేసిస్టు రాన్ కార్టర్ విషయంలో జనం ఈ లెక్క చూడకుండా తీర్పులు ఇస్తుంటారు. ఆయన్ని 1966 'మైల్స్ స్మైల్స్'లో 'ఫుట్‌ప్రింట్స్' దగ్గర వినండి, తర్వాత మాట్లాడుకుందాం. మొదట శాస్త్రీయ చెల్లో నేర్చినవాడు, నల్లజాతివాడన్న కారణంగా సింఫనీ ఆర్కెస్ట్రాల తలుపులు తెరుచుకోలేదు. జాజ్ మాత్రం ఆయన్ని వదల్లేదు: 2015 నాటికి 2,221 రికార్డింగులతో గిన్నెస్‌లోకి ఎక్కాడు.

మన చెవికి దగ్గరగా ఉండేది ఇంకొకటి. కోల్ట్రేన్ 'ఇండియా', 1961 నవంబర్‌లో వాన్‌గార్డ్‌లోనే వాయించింది, 'ఇంప్రెషన్స్' ఆల్బమ్‌లో ఉంది. ఇద్దరు బేసిస్టులు, జిమ్మీ గారిసన్, రెజ్జీ వర్క్‌మన్. కార్డ్‌లు మార్చే పని లేదు, ఆధార శ్రుతి చుట్టూ ఇద్దరూ అల్లుకుంటూ ఉంటారు. తంబురా మీద పెరిగిన చెవికి ఇది వెంటనే ఎక్కుతుంది. అమెరికన్ స్నేహితులకు నేను వివరించాల్సి వచ్చిన భాగం మీకు ఊరికే వచ్చేస్తుంది.

ఇప్పటివాళ్ళలో క్రిస్టియన్ మెక్‌బ్రైడ్, లిండా మే హాన్ ఓ, ఎస్పెరాంజా స్పాల్డింగ్ నాకు ఇష్టం. స్పాల్డింగ్ బేస్ ఒకదారిలో, పాట ఇంకోదారిలో ఒకేసారి నడపడం చూస్తే (వినడం కాదు, వీడియో చూడండి) మీకే అర్థమవుతుంది. 2011లో కొత్త కళాకారులకిచ్చే గ్రామీ ఆమెకు ఊరికే రాలేదు. ఇంకో బేసిస్టు డేవ్ హాలండ్‌ను తబలా జాకిర్ హుస్సేన్, శాక్సఫోన్ క్రిస్ పాటర్‌లతో 2019లో వచ్చిన 'గుడ్ హోప్'లో వినొచ్చు, తబలా అలవాటున్నవాళ్ళకు మంచి గుమ్మం.

ఆస్కార్ పెటిఫర్డ్, పెర్సీ హీత్, ఇజ్రాయెల్ క్రాస్బీ, మిల్ట్ హింటన్ పేర్లు రాయనందుకు నన్ను తిట్టేవాళ్ళు కింద వరసకడతారు, తెలుసు. ఆ జాబితాలు వాళ్ళు ఇవ్వనీండి. మీరు మాత్రం ఒకేసారి అన్నీ దించుకోకండి. ఈ వారం 'ఆల్ బ్లూస్', 'ఫ్రెడీ ఫ్రీలోడర్' రెండే. మొదటిసారి బేస్‌తో పాటు పాడండి, రెండోసారి పాడకుండా రైడ్ సింబల్‌తో కలిపి వినండి. 'ఫ్రెడీ ఫ్రీలోడర్'లో కెల్లీ సోలో ముగిసి మైల్స్ అందుకునే చోట చేంబర్స్ ఏం మార్చాడో, లేక ఏమీ మార్చలేదో, మీకు వినబడింది ఇక్కడ రాయండి.